చెవులోడి తల్లి గొంతు

ఉప్పు మడుల మీద వరద వచ్చి పడింది. మూపున మూటతో ఉన్న తల్లి గాడిద అందులో కొట్టుకుపోయింది. గట్టు మీద మిగిలిపోయిన పిల్లని, ఒక చెవి నిక్కబొడుచుకుని ఇంకో చెవి వాలిపోయి ఉండే చెవులోణ్ణి, కొట్టంలోని ముసలి గాడిద చేరదీసింది. కాస్త కాళ్లు గట్టిపడ్డాక చెవులోడు తల్లిని వెతుక్కుంటూ బయల్దేరాడు. వాగులు దాటాడు, తోడేళ్లని ఏమార్చాడు, రైలు పట్టాల మీద నిద్రపోయి చావు తప్పించుకున్నాడు, చివరికి కొండెక్కాడు. పైన ఎవరూ లేరు. ఉత్త గాలి. అప్పుడు మొదటిసారి పెద్ద గాడిదలా గొంతెత్తి ఓండ్ర పెట్టాడు. అంతే, సినిమా అయిపోయింది.

అది మాస్టారు గీసిన ముగింపు. పిల్లల్ని కూర్చోబెట్టి చూపిస్తే హాలు ఎగిరిపోయేలా ఏడ్చారు. ఏడిపించే సినిమాకి తల్లులు పిల్లల్ని తీసుకురారని స్టూడియో యజమాని తేల్చేశాడు. యజమాని అంటే పరాయివాడు కాదు, మాస్టారి అక్క మొగుడే. "ముగింపు మార్చు" అన్నాడు బావ. "నా చేత్తో మార్చను" అని మాస్టారు పెన్సిలు నేలకేసి కొట్టి, ఇంటికి పోయి మంచమెక్కాడు. కిందటివారం మనం ఆయన్ని అక్కడే, గోడవైపు తిరిగి పడుకుని ఉండగా వదిలిపెట్టాం.

బతిమాలడానికి ఎవరూ రాలేదు. అలిగినవాడికి అంతకు మించిన అవమానం లేదు. ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క కూతురు కూడా పొద్దున్నే వంట చేసి మూత పెట్టేసి, మాట్లాడకుండా పనికి పోతోంది. ఆఖరికి ఆయనే లేచి చొక్కా తగిలించుకున్నాడు. గేటు గడియ వేశాడు, కాస్త దూరం నడిచాడు, మళ్లీ వెనక్కొచ్చి గడియ లాగి చూసుకుని మరీ బయల్దేరాడు. అది ఆయనకి ఎప్పటినుంచో ఉన్న చాదస్తం. మధ్యాహ్నం ఎండ మాడు మీద పడుతుండగా స్టూడియో మెట్లెక్కాడు.

ఆయన బల్ల మీద దుమ్ము లేదు. అది మొదటి దెబ్బ. మనిషి రాకపోతే బల్ల మీద దుమ్ముండాలి, అదైనా మన కోసం ఎదురుచూడాలి. ఎవరో శుభ్రంగా తుడిచేశారు. ఆయన అద్దం కనపడలేదు. అది అసలు దెబ్బ.

బొమ్మల్ని కదిలించేవాడికి బల్ల మీద అద్దం ఉండాల్సిందే. గాడిదకి కోపం రావాలంటే ముందు గీసేవాడికి రావాలి. అద్దంలో చూసుకుంటూ ముక్కుపుటాలు ఎగరేయాలి, పళ్లు బయటపెట్టాలి, ఆ ముఖాన్ని అలాగే కాగితం మీదికి దించాలి. మాస్టారు చూసుకున్నంతగా కొత్త పెళ్లికూతురు కూడా అద్దంలో చూసుకోదని స్టూడియోలో నవ్వుకునేవాళ్లు. ముసలి గాడిద మొత్తం ఆ అద్దంలోంచి పుట్టిందే. ఆయనలాగే కింది పెదవి నములుతుంది, ఆయనలాగే మెడ తిప్పకుండా కళ్లతోనే పక్కకి చూస్తుంది. "మా బావమరిది ముఖం ఇంకెక్కడా చెల్లలేదు, గాడిదకి మాత్రం అతికినట్టు సరిపోయింది" అని బావ వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. మాస్టారు పైకి నవ్వి, లోపల దాచుకునేవాడు. బడి మధ్యలో మానేసి ఈ పనిలో పడ్డప్పటినుంచి ఆయన అలా దాచుకున్నవి చాలా ఉన్నాయి.

"నా అద్దం ఎవడు తీశాడు?" అని అరిచాడు.

హాల్లో రంగులు వేసేవాళ్లు తలలు కంప్యూటర్లలోకి ఇంకాస్త దూర్చేశారు. తన గాజు గదిలోంచి బావ బయటికొచ్చాడు. చేతిలో కొరికిన బిస్కెట్టు.

"ఓహో, దిగొచ్చావా! ఇన్నాళ్లూ ఎక్కడ గాడిదలు కాస్తున్నావు?"

"నీ గాడిదల్ని మోసీ మోసీ నడుం పడిపోయింది. పడుకున్నా."

"పడిపోయింది నడుమా, ముఖమా?"

"అద్దం ఏదీ బావా?"

బావ మూతి తుడుచుకున్నాడు. అబద్ధం చెప్పే ముందు మూతి తుడుచుకోవడం ఆయన అలవాటు. ఈసారి ఎందుకో నిజమే వచ్చింది.

"కొత్త ముగింపు గీస్తున్నవాళ్లు పట్టుకెళ్లారు."

"ఎవడు వాడు? నా ముసలి గాడిదని నేను కాకుండా గీసే మొనగాడు ఎవడున్నాడు ఈ కొంపలో?"

"మొనగాడు కాదులే. నీ కూతురు."

మాస్టారు బల్ల అంచు పట్టుకున్నాడు.

"అలా చూడకు. నువ్వు రానంటే పని ఆగుతుందా?" అన్నాడు బావ. "తల్లి గాడిద తిరిగొస్తుందట. పిల్లలు చప్పట్లు కొడతారు, నాకంతే కావాలి. పూర్తిగా చెప్పబోయింది గానీ వినే ఓపిక నాకు లేదు. అయినా పద్ధతి పద్ధతే. నువ్వు ‘సరే’ అంటేనే రంగులకి పోతుంది. నీ ‘సరే’ లేకుండా ఈ స్టూడియోలోంచి ఒక్క తోక కూడా బయటికి పోలేదు. నీకు నచ్చలేదా, నీ పాత ముగింపే పెడదాం, ఏడ్చేవాళ్లు ఏడుస్తారు. ఏదో ఒకటి ఇవాళ తేల్చు. రేపట్నుంచి మార్చడానికి ఉండదు."

మాస్టారు అప్పటికే మెట్ల దగ్గరున్నాడు.

కూతురు పనిచేసే గది మేడ మీద ఉంది. కదలికలో ముఖ్యమైన బొమ్మలు మాస్టారు గీస్తే, వాటి మధ్యలో పడాల్సినవి ఆ అమ్మాయి గీస్తుంది. తండ్రి ఎత్తిన కాలు ఎక్కడ దిగాలో అక్కడికి చేర్చడం, తండ్రి తిప్పిన తల ఎటు తిరగాలో అటు తిప్పడం ఆమె పని. ఇంట్లో ఆయన్ని నువ్వు అంటుంది. స్టూడియో గుమ్మం దాటితే అందరిలాగే మీరు, మాస్టారూ. ఆ తేడా చూసి ఆయన పొంగిపోయేవాడు.

ఆమె తల ఎత్తలేదు. లైటు బల్ల అడుగునుంచి వచ్చే తెల్లటి వెలుగు గడ్డం కింద పడుతోంది. పక్కన ఆయన అద్దం.

"రండి మాస్టారూ. కూర్చోండి."

"దొంగతనంగా నా అద్దం ఎత్తుకొచ్చి నా గాడిదని గీస్తున్నావా?"

"దొంగతనం కాదు. మీ బల్ల తుడిచి మరీ తెచ్చాను."

"నీకు పెన్సిలు పట్టుకోవడం ఎవరు నేర్పారే?"

"మీరే. అందుకే బాగా కుదిరింది. చూడండి."

ఒక కాగితాల కట్ట ఆయన ముందుకి తోసింది. విసురుగా కాదు. వడ్డించినట్టు తోసింది.

బొమ్మలు సినిమాగా మారకముందు చేత్తో ఆడించి చూసుకుంటారు. కట్టని ఎడమ చేత్తో పట్టుకుని, కుడి బొటనవేలితో కాగితాలు ఒక్కొక్కటీ జారవిడిస్తే గాడిద నడుస్తుంది. మాస్టారు ఆ పని నిద్రలో కూడా చేయగలడు. కట్ట తీసుకున్నాడు. తప్పు పట్టడానికే తీసుకున్నాడు, కాళ్లు జారుతున్నాయనో బరువు లేదనో ఏదో ఒకటి అనడానికి. వేలు విడిచాడు.

కొట్టం. గడ్డిలో చెవులోడు నిద్రపోతున్నాడు, కొండ మీదనుంచి వచ్చి అలిసిపోయాడు. కంచె అవతల తల్లి గాడిద వచ్చి నిలబడింది. ఒళ్లంతా మట్టి, మూపు మీద మూట లేదు. ముసలి గాడిద లేచింది. లేచి కొట్టంవైపు చూసింది, మెడ తిప్పకుండా, కళ్లతోనే. తర్వాత వెళ్లి గేటుకి అడ్డంగా నిలబడింది. తల్లి ఏదో అడిగింది. ముసలి గాడిద కింది పెదవి నమిలింది. తల అడ్డంగా ఊపింది. తల్లి మళ్లీ అడిగింది. ముసలి గాడిద గేటుని మూతితో నెట్టి మూసేసింది.

తల్లి తల వంచుకుని వెళ్లిపోతోంది. ముసలి గాడిద కొట్టంవైపు నడిచింది. నడుస్తూ ఆగింది. వెనక్కి తిరిగింది.

మాస్టారి వేలు ఒక్క క్షణం ఆగింది. తెరుస్తుందనుకున్నాడు. ఆయనే కాదు, ఎవరు చూసినా తెరుస్తుందనే అనుకుంటారు. అంత ఆత్రంగా వెనక్కొచ్చింది గాడిద. వేలు వదిలాడు.

గేటు దగ్గరికొచ్చిన ముసలి గాడిద, గడియ సరిగ్గా పడిందో లేదో మూతితో కదిపి చూసుకుంది. పడింది. నిశ్చింతగా తిరిగి వెళ్లిపోయింది.

గడ్డిలో చెవులోడి కళ్లు తెరుచుకుని ఉన్నాయి. ఆ తర్వాత వాడు లేచి కంచెమీదికి దూకాడు. గాల్లో ఉండగానే కట్ట అయిపోయింది.

కింద ఎక్కడో కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది. మాస్టారు కాగితాలు బల్ల మీద పెట్టి అంచులు సరిచేశాడు. ఇంకోసారి సరిచేశాడు.

"పిల్లలు భయపడతారు" అన్నాడు.

"పిల్లలకి అర్థమవుతుంది."

"ముసలి గాడిద అలా చేయదు. అది మంచిది. చెవులోణ్ణి పెంచిందే అది. సినిమా అంతా మంచిగా చూపించి చివర్లో దాన్ని దొంగని చేస్తావా? కథ నడక తెలియదు నీకు."

"అది మంచిదే. గడ్డి తెచ్చి పెట్టింది, తోడేలు వస్తే అడ్డంగా నిలబడింది. ఈ పనీ అదే చేసింది."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు నాన్నా. నేను చూశాను."

స్టూడియోలో ఆమె ఆయన్ని నాన్నా అనడం అదే మొదలు.

"నాకప్పుడు జ్వరం. కిటికీ పక్కన పడుకోబెట్టావు, గాలి తగులుతుందని" అంది. "అమ్మ చచ్చిపోయిందని అంతకుముందే చెప్పావు. ఏడ్చి ఏడ్చి మానేశాను కూడా. ఆ సాయంత్రం గేటు దగ్గర అమ్మ నిలబడింది. నేనేమనుకున్నానో తెలుసా? దెయ్యమనుకున్నా. నన్ను తీసుకుపోవడానికి వచ్చిందనుకున్నా. అరిస్తే నేనున్నానని తెలిసిపోతుందని దుప్పటి నోట్లో కుక్కుకున్నా. నువ్వెళ్లి దాన్ని పంపించేశావు. మా నాన్న దెయ్యాన్ని కూడా తరిమేస్తాడని బళ్లో పిల్లలందరికీ గొప్పగా చెప్పుకున్నాను."

మాస్టారు అద్దంవైపు చూడబోయి, అందులో ఏం కనిపిస్తుందో తెలిసినవాడిలా కిటికీవైపు చూశాడు.

"చిన్నపిల్లవి. జ్వరంలో ఏదో కలగన్నావు."

"నేనూ అలాగే అనుకున్నా, చాలాకాలం. ఆ కుందేలు వినపడేదాకా."

"ఏ కుందేలు?"

"టీవీలో వచ్చేది. పొట్టి కుందేలు, పెద్ద టోపీ. అది మొదలవగానే నువ్వు ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి ఆపేసేవాడివి. ‘చూడకు పిట్టా, వెధవలు, వీళ్లకి నడక గీయడం రాదు, చూస్తే నీ కన్ను పాడైపోతుంది’ అనేవాడివి. నేను నమ్మాను. మా నాన్నకి పనంటే అంత పట్టింపని నమ్మాను. ఎవరింట్లోనైనా ఆ కుందేలు వస్తుంటే నేనే లేచి ఆపేసేదాన్ని, పెద్ద తెలిసినదానిలా." ఆమె నవ్వింది. ఆ నవ్వులో నవ్వు లేదు. "మొన్నామధ్య పాత బొమ్మల సినిమాలు తెప్పించుకుని చూశాను. ఆ కుందేలు నడక బాగానే ఉంటుంది నాన్నా. చాలా బాగుంటుంది. మరి ఎందుకు ఆపేవాడివా అని కళ్లు మూసుకుని విన్నాను."

మాస్టారు బల్ల మీది రబ్బరు ముక్క తీసి, మళ్లీ అక్కడే పెట్టాడు.

"‘తర్వాతేమైందంటే’ అనే ముందు ఆ కుందేలు చిన్నగా ఊపిరి లోపలికి లాగుతుంది. వేడి పాలు చప్పరించినట్టు. నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని కథ చెప్పే మనిషి అచ్చం అలాగే లాగేది. నా చిన్నతనమంతా అమ్మ ప్రతి సాయంత్రం ఇంట్లోకి వచ్చింది. నువ్వు ప్రతి సాయంత్రం ఆపేశావు."

ఇంక దాచడానికి ఏమీ మిగలకపోతే కొందరు కుంగిపోతారు. మాస్టారికి కోపం వచ్చింది. ఎన్నో ఏళ్లు ముక్కుతూ మోసిన మూటని ఎవరో వచ్చి ఇది గడ్డే కదా అన్నట్టు మండిపోయాడు.

"అవును, పంపించేశాను! ఏం చేయమంటావు? వద్దు వెళ్లకే, పిల్ల చిన్నదే అని కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. వినలేదు. ఊరు కాని ఊళ్లో కుందేళ్లకీ కుక్కపిల్లలకీ గొంతిస్తానని పోయింది. కన్నపిల్లకి తన గొంతు వినిపించడానికి మాత్రం తీరిక లేదు. నువ్వేమో అన్నం పళ్లెం పట్టుకుని గుమ్మంలో కూర్చునేదానివి. అమ్మ వస్తే తింటానని. ఎండలో, వానలో. చచ్చినవాళ్ల కోసం ఎవరూ గుమ్మంలో కూర్చోరే పిట్టా. వదిలి వెళ్లినవాళ్ల కోసం కూర్చుంటారు. అందుకే చంపేశాను. ఆ పూటే నువ్వు లోపలికొచ్చి అన్నం తిన్నావు. అది తప్పంటావా?"

అమ్మాయి కాసేపు పెన్సిలు చెక్కుకుంది. అప్పటికే అది సూదిలా ఉంది.

"ఆ పూట తప్పు కాదేమో" అంది. "కానీ తిరిగొచ్చిందిగా. పనికి పోయిన మనిషి పని చూసుకుని వచ్చింది. నువ్వు పొద్దస్తమానం ఇక్కడే గాడిదలు గీస్తూ కూర్చుంటే నేను సగం అత్త వాళ్లింట్లోనే పెరిగాను. నువ్వు చచ్చిపోయావని నాకెవరూ చెప్పలేదే?"

ఆయన నోరు తెరిచాడు. కింది పెదవి పళ్ల కిందికి పోయింది. అది అద్దంలో కనిపించి, వదిలేశాడు.

"నువ్వు గేటు మూసినందుకు కాదు నాన్నా నా ఏడుపు. కోపంలో ఎవరైనా మూస్తారు. నువ్వు వెనక్కొచ్చావు. అమ్మ కూడా సందు చివర ఆగి చూసింది, నువ్వు పిలుస్తావని. నువ్వు గడియ లాగి చూసుకుని లోపలికొచ్చేశావు." ఆమె కాగితాల కట్టని తనవైపు లాక్కుంది. "ఆ ఒక్క కదలిక గీయడానికి నాకు ఎన్ని కాగితాలు పట్టాయో! ప్రతిసారీ నా చెయ్యి తెరిచేస్తోంది."

కింద ఫోను మోగి ఆగిపోయింది. మాస్టారు కుర్చీలో కూర్చున్నాడు. ఇందాకట్నుంచి నిలబడే ఉన్నానన్న సంగతి ఆయనకి అప్పుడే తెలిసింది.

"చెవులోడు దూకాక ఏమవుతుంది?" అని అడిగాడు. పనివాడి గొంతుతో అడిగాడు. ఆయనకి చేతనైన గొంతు అదొక్కటే.

"ఇంకా గీయలేదు."

"ఇవాళ తేల్చాలిట, మీ మావయ్య ప్రాణం తీస్తున్నాడు."

"తల్లి ఆగి వెనక్కి చూస్తుందో, చూడకుండా పోతుందో నాకు తెలీదు. తెలియకుండా ఎలా గీయను?" ఆమె లైటు బల్ల దీపం ఆర్పేసింది. ముఖం ఒక్కసారిగా మామూలు ఆడపిల్ల ముఖమైంది. "మీరు ‘సరే’ అంటే ఇది రంగులకి పోతుంది. సినిమా చూసినవాళ్లంతా ముసలి గాడిద ముఖం చూస్తారు. ఇక్కడివాళ్లకి అది ఎవరి ముఖమో తెలుసు. మీరు వద్దంటే మీ కొండా, మీ గాలీ, మీ పాత ముగింపే. నేను మాత్రం ఈ బల్ల ఖాళీ చేస్తాను. ఇంట్లో నా గది కూడా."

"బెదిరిస్తున్నావా?"

"లేదు. చెప్పకుండా పోతే నేనూ చచ్చిపోయానని చెబుతారేమోనని ముందే చెబుతున్నా."

మెట్ల మీదనుంచి సౌండు చూసేవాడి కేక వినిపించింది. చెవుల మీద హెడ్‌ఫోను తియ్యక, ఎవరు పిలిచినా పలకక చెవిటాయన అని పేరు తెచ్చుకున్న మనిషి. తనకి వినపడదు కాబట్టి అందరికీ వినపడదనుకుని అరుస్తాడు.

"మాస్టారు వచ్చారటగా! కిందికి పంపండమ్మా! తల్లి గాడిద వచ్చి కూర్చుంది, పాపం ఎంతసేపట్నుంచో!"

మాస్టారు కూతురివైపు చూశాడు. ఈసారి మెడ తిప్పి చూశాడు.

"తల్లికి గొంతు ఎవరిదే?"

ఆమె కట్ట అంచులు సరిచేసింది. ఇంకోసారి సరిచేసింది.

"ఆమెకి తెలుసా?"

"గాడిదపిల్ల సినిమా అని తెలుసు. ఎవరి సినిమానో తెలీదు. వేరేవాళ్లతో పిలిపించాను. పొద్దున తలుపుదాకా వెళ్లాను, నాకు ధైర్యం చాలలేదు. గొంతులు చెప్పించేది ఎప్పుడూ మీరే కదా మాస్టారూ. వెళ్లి చెప్పించండి."

రికార్డింగు గది స్టూడియోకి అడుగున, ఎండ సోకని చోట ఉంది. తలుపు బయట ఒక జత చెప్పులు, మడమ దగ్గర అరిగినవి, పక్కపక్కనే సర్ది ఉన్నాయి. లోపల బల్ల మీద మట్టి గాజులు తీసిపెట్టి ఉన్నాయి. మైకు ముందుకి పోయే ఆడవాళ్లు గాజులు తీసేసి పోతారు, చప్పుడు పడుతుందని. మాస్టారు ఆ గాజుల పక్కనుంచి దూరంగా జరిగి, చీకట్లో ఉన్న కుర్చీలో కూర్చున్నాడు. గాజు గోడ అవతల మైకు గదిలో దీపాలున్నాయి. బయటివాళ్లకి లోపలి మనిషి కనిపిస్తుంది, లోపలి మనిషికి బయట నల్లటి గాజు తప్ప ఏమీ కనిపించదు.

మైకు ముందు ఆమె. పాపిట పక్కన జుట్టు తెల్లబడింది. కళ్లజోడు వచ్చింది. కాగితాన్ని ముఖానికి దగ్గరగా, చప్పుడు కాకుండా పట్టుకోవడం మాత్రం మారలేదు.

"మొదలెట్టమంటారా?" అన్నాడు చెవిటాయన. జవాబు కోసం చూడకుండా మీట నొక్కాడు. "అమ్మా, మీరు గేటు బయట ఉన్నారు. పిల్ల లోపల నిద్రపోతోంది. ముసలి గాడిద అడ్డం నిలబడింది. మీ మాట మీరు చెప్పేయండి."

ఆమె ఊపిరి లోపలికి లాగింది. వేడి పాలు చప్పరించినట్టు.

"ఒక్కసారి చూసి వెళ్లిపోతాను..."

మాస్టారు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. ఆ మాట ఆయనకి తెలుసు. తర్వాతి మాట కూడా తెలుసు. తెరిచిన కిటికీలోంచి కూతురు వింటోందన్న సంగతే ఆ సాయంత్రం ఆయనకి తెలియలేదు.

"...లేపనులే. దూరం నుంచే చూస్తాను. నా చేతులు చల్లగా ఉన్నాయి, ముట్టుకోను..."

గొంతు ఆగిపోయింది.

లోపల ఆమె కాగితాన్ని కళ్లకి ఇంకా దగ్గరగా తెచ్చుకుంది. ఆ వాక్యాన్ని మళ్లీ మొదట్నుంచి చదువుకుంది, పెదవులతో మాత్రమే. కళ్లజోడు తీసి నల్లటి గాజువైపు చూసింది. సరిగ్గా మాస్టారు కూర్చున్న చోటికి కాదు, కొంచెం పక్కకి.

"అయ్యా," అంది, గాడిద గొంతు కాదు, కుందేలు గొంతు కాదు, "ఈ మాటలు ఎవరు రాశారండీ?"

చెవిటాయన హెడ్‌ఫోను ఒక చెవి మీదనుంచి జరిపాడు. "మాస్టారూ, మిమ్మల్నే. రాసిందెవరని అడుగుతోంది. చెప్పండి, టేకు పోతుంది." లోపలికి మాట వినిపించే బటన్‌ని ఆయన ముందుకి తోశాడు.

మాస్టారి వేలు దాని మీదికి పోయింది. ఆగింది. గొంతు వినిపిస్తే చాలు, ఆమె పోల్చేస్తుంది. గొంతులతో బతికే మనిషి. వేలు మెల్లగా వెనక్కి వచ్చింది, వచ్చి ఒళ్లో పడింది. లేచి, తలుపు దగ్గరి చీకట్లోంచి మెట్లెక్కి, ఎండలోకి పోదామని ఆయన సగం లేచాడు కూడా.

తలుపుకి అడ్డంగా కూతురు నిలబడి ఉంది. ఎప్పుడు దిగి వచ్చిందో ఆయనకి తెలీదు.

ఆమె లోపలికి వచ్చింది. వెనకాల తలుపు మూసింది. గడియ వైపు చూడలేదు. తండ్రి పక్కన వంగి, గాజు అవతలి మనిషి మీదనుంచి చూపు తిప్పకుండా, బటన్ మీద వేలు పెట్టి నొక్కి పట్టుకుంది.

లోపల పచ్చదీపం వెలిగింది. ఇప్పుడు ఈ గదిలో ఎవరు ఊపిరి తీసినా అవతలికి వినిపిస్తుంది. ఆ మనిషి హెడ్‌ఫోనుని రెండు చేతులతో చెవులకి అదుముకుని, తల ఎత్తి, వింటోంది.